తాడు వదిలేవాడు

కేజీహెచ్‌లో మా గది కిటికీ తెరిస్తే
సముద్రం కనబడదు, వాసనొస్తుంది.
పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆ వాసనతోపాటే
లోపలికొచ్చాడు సూరాడ ఎల్లాజీ,
కట్టు విప్పి మూడువారాలైన కుడిచేతిని
ఎడంచేత్తో ఎత్తి పట్టుకుని,
ఎవరి బిడ్డనో మోసుకొచ్చినట్టు.

కోణం కొలిచే బద్ద మోచేతికి ఆనించాను.
డెబ్భైఎనిమిది. అక్కడితో ఆగిపోయింది.
"ఏటమ్మా, తుప్పట్టిపోనాదా?"

తుప్పు కాదు తాతా అని
మూలనున్న ప్లాస్టిక్ అస్థిపంజరం దగ్గరికి తీసుకెళ్ళాను.
దాని ఎడమపాదం ఎప్పుడో పోయింది.
మా జూనియర్లు దానికో పేరు పెట్టారు, చెప్పను.
ఇదిగో మోచెయ్యి, తలుపు బందు.
మూసుకోడం, తెరుచుకోడం, అంతే.
భుజం అలా కాదు, గిన్నెలో బంతి.
గిన్నె మరీ లోతు తక్కువ,
అందుకే వల విసరగలవు,
అందుకే తొందరగా జారుతుంది కూడా.
ఎముకకీ ఎముకకీ మధ్య నున్నటి పొర,
పొరల నడుమ కోడిగుడ్డు తెల్లసొనలాంటి తడి,
చెంచాడు కూడా ఉండదు.
"అంతేనా?" అన్నాడు,
ఇంజనుకి డబ్బాలకొద్దీ ఆయిలు పోసిన మనిషి.

ఎముకలకి వాటంతట అవి కదలడం రాదు తాతా.
కండే లాగాలి. కండకి తొయ్యడం తెలీదు,
లాగడం ఒక్కటే తెలుసు.
"మరి గోడని తోత్తాం గదా?"
తోసేది చెయ్యి. లోపల వెనక కండ లాగుతుంది.
కాసేపు గోడవైపు చూశాడు.
లేచెళ్ళి మంచి చేత్తో దాన్ని తోస్తూ
రెండో చేత్తో దండ వెనక తడుముకోబోయాడు.
అందలేదు. నేనే తాకి చూపించాను.
రాయిలా బిగిసి ఉంది.
"నాగతంది సుమీ!"

కండ చివర తెల్లటి తాడుంటుంది, ఎముకకి కట్టినట్టు.
"నరం."
నరం కాదు, స్నాయువు.
"మేం నరవనే అంటాం."
సరే అన్నాను. వాదించే టైము లేదు,
బయట బెంచీ మీద ఇంకా పదకొండుమంది.

అసలు చిక్కు చెప్పడానికే మాటలు చాలలేదు.
ముందు కండ లాగేటప్పుడు వెనక కండ వదలాలి.
నీ వెనక కండ వదలడం లేదు.
ఆరువారాల కట్టులో అది భయం నేర్చుకుంది.
పుస్తకంలో దీనికో పొడుగాటి మాట ఉంది.
ఆ మాట ఆయనకి అక్కర్లేకపోయింది,
అప్పటికే ఎల్లాజీ నవ్వుతున్నాడు.

"పెద్దవల దింపీటప్పుడు
నావ లోనికెళ్తుంటే ఒడ్డునొకడు తాడు వదల్తాడు, సూసేవా?
బిగబట్టేడా, నావ ఆగిపోద్ది.
వదిలీసేడా, తాడు ఉండసుట్టుకుపోద్ది.
జాలారిపేట ఒడ్డున ముప్పైయేళ్ళు
ఆ తాడు నానే వదిలేను.
నాగినోళ్ళకి అందరూ సెబాసంటారు.
వదిలినోడి పేరు ఎవుడికీ తెల్దు."

నేను చదివిన నాలుగున్నరేళ్ళలో
ఈ పాఠం ఎక్కడా లేదు.

కళ్ళు మూసుకో తాతా, ఒడ్డున ఉన్నావు.
నావ ఇప్పుడే అల దాటింది. వదులు.
కొంచెం. ఇంకొంచెం. పట్టు. వదులు.
నా అరచేతి కింద ఆ కండ
రాయి కాస్తా తడి ఇసకైంది,
మళ్ళీ రాయి, మళ్ళీ ఇసక.
కంటికొసన నీరు. అది నొప్పే, వేరే ఏం కాదు.
తొంభై. తొంభైమూడు.
ఆగాం.

నెల్లాళ్ళు వచ్చాడు. మధ్యలో రెండ్రోజులు రాలేదు.
తుఫాను కబురొచ్చి పడవలు పైకి లాగారట.
నువ్వు లాగావా అని అరిచాను.
"లేదమ్మా, సూసేను" అన్నాడు,
అబద్ధం చెప్పే పిల్లాడి మొహంతో.

నిన్న నూట ఇరవైతొమ్మిది.
ఇంతకన్నా రాకపోవచ్చని చెప్పాను.
"సాల్లే, బువ్వ నోటికందుతంది" అని లేచి
కుర్చీ మీది తువ్వాలు తీసి
కుడిచేత్తోనే కుడిభుజం మీద వేసుకుని
మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఏం చేశాడో ఆయనకి తెలీదు.
కొలబద్ద పట్టుకుని నేనక్కడే నిలబడ్డాను,
తరవాతి మనిషి మోకాలు పట్టుకుని
గుమ్మంలో దగ్గేదాకా.