రెండో ట్యాంకు

కాలువల శాఖ వేలంపాటలో
నలభై ఒక్క వేల దగ్గర నా నోరు ఆగితే
పక్కనున్న పాత ఇనుము కామేశం నవ్వాడు.
ముప్పైతొమ్మిదికే తప్పుకున్నాడు మరి,
తూకం తెలిసినవాడు.

నాలుగు చక్రాలూ లాగే జీపు.
తలుపు మీద సర్కారు అక్షరాలు చెరిపేసినా
సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే
మళ్ళీ లేచి నిలబడతాయి.
కైకలూరు వైపు చేపల చెరువులకి మేత అమ్ముతాను నేను,
వానాకాలం ఆ గట్ల మీద ఇంకేదీ నడవదు.
ఇది డీజిలు తాగే తాగుడు చూస్తే
చేపలే నాకు మేత వెయ్యాలి.

ఆటోనగర్‌లో మస్తాన్‌వలీ
స్క్రూడ్రైవరు కొన ఇంజిను మీద, పిడి చెవికి ఆనించి
చాలాసేపు విన్నాడు.
"పాతకాలం పంపు సార్, కొత్త బళ్ళలాగా మూతి తిప్పుకోదు.
వేడిచేసి పెడితే నూనె కూడా తింటుంది.
కాకపోతే నిద్రలేవగానే డీజిలు,
పడుకోబోయే ముందు డీజిలు,
మధ్యలోనే నూనె. మర్చిపోయారో,
పొద్దున గొంతులో బంక."

సీటు వెనక రెండో ట్యాంకు వెలిసింది.
రేడియేటరు వేడినీళ్ళు రాగిగొట్టంలో చుట్లు తిరిగి
నూనెని పల్చబరుస్తాయి.
డాష్‌బోర్డు కింద ఒక ఇత్తడి పిడి:
ఇటు తిప్పితే బంకు, అటు తిప్పితే బజ్జీ.

నూనె పటమట పంటకాలవ రోడ్డు నాంచారమ్మది.
రాత్రి బాణలిలో మిగిలింది డబ్బాకి పోసి ఉంచుతుంది.
ఇదివరకు ఎవడో కొనుక్కుపోయి
తెల్లగా చేసి మళ్ళీ ఎవరి పొయ్యికో అమ్మేవాడట.
"నీ బండి కడుపులోకైతే పాపం లేదులే" అని
కిలోకి రెండు రూపాయలు తగ్గించింది.

డాబా మీద వారం రోజులు డబ్బాలు కదలకూడదు.
శనగపిండి, వాము, మాడిన మిరపగింజ
అన్నీ అడుక్కి దిగాక
నాలుగు మడతల పాత పంచెలోంచి బొట్టు బొట్టు.
గరిటెడు తీసి కాలిన పెనం మీద వేసి చూడాలి,
చిటపటమందా, నీళ్ళున్నట్టే, మళ్ళీ ఎండలోకి.
ధనుర్మాసంలో పామాయిలు నెయ్యిలా పేరుకుంటే
డబ్బాలకి మా ఆవిడ శాలువా కప్పాను.
ఆ సంగతి అక్కడితో ముగియలేదు.

బెంజి సర్కిల్ సిగ్నల్లో
నా వెనక ఆగినవాళ్ళకి ఆకలేస్తుంది.
ఒక కానిస్టేబులు బండి పక్కకి పెట్టించి
కాగితాలు అడగలేదు,
"ఉల్లిపాయ కూడా ఉందా?" అన్నాడు.

మొన్న శ్రావణంలో కార్పొరేషన్ వాళ్ళు
రోడ్డుకి అడ్డమని నాంచారమ్మ బండి ఎత్తుకెళ్ళారు.
జరిమానా కట్టి మేం వెళ్ళేసరికి
యార్డులో వాన, మోకాలిలోతు బురద,
తోపుడుబండి ఇరుసుదాకా పాతుకుపోయింది.
తాడు కట్టాను. పొట్టి కర్ర వెనక్కి లాగాను.
ఇత్తడి పిడి డీజిలు వైపే ఉంది,
ఎందుకో అటు తిప్పాను.
నాలుగు చక్రాలకీ నేల గుర్తొచ్చింది.
ఆమె బాణలి నూనెతోనే
ఆమె బండి బురదలోంచి లేచింది.

ముందు సీట్లో ఆమె, ఒళ్ళో జల్లిగరిటె.
"అందరూ వాసన వాసన అంటారు, ఏదీ?"
కిటికీలోంచి ముక్కు బయటపెట్టి చూసింది.
"నాకేం తెలీట్లేదు నాయనా.
ముప్పయ్యేళ్ళాయె పొయ్యి దగ్గర."
ఏమనాలో తోచక గేరు మార్చాను.

కాలవ వంతెన ఎక్కుతుంటే తల వంచి విన్నది,
మస్తాన్ స్క్రూడ్రైవరు లేకుండానే.
"మంట ఎక్కువైంది. తగ్గించు, మాడుతోంది."

యాక్సిలరేటరు మీంచి కాలు తీశాను.
చప్పుడు సన్నబడింది.
"ఆ, అట్లా" అంది.
ఆమె వేళ్ళు గరిటెని ఒళ్ళోనే తిప్పుతున్నాయి.

ఇంజిను ఆపి, దిగి, తాడు ముడి విప్పుతుంటే
అప్పుడు గుర్తొచ్చింది పిడి.
పొద్దున మస్తాన్ తిట్లు ఖాయం.