రైలు చెప్పని ఎత్తు

పంతొమ్మిదేళ్ళు ఈ దారిన నిలబడే ప్రయాణం చేశాను,
భుజాన తోలుసంచి, చేతిలో టికెట్లకు చిల్లు పొడిచే కత్తెర.
పెట్టె ఆ చివర మొదలుపెట్టి ఈ చివరికి వచ్చేసరికి
పాల్వెరె స్టేషను వచ్చేసేది.
కిటికీ బయట బర్చ్ చెట్లన్నీ
ఒకే తెల్లచెట్టు మా వెంట పరుగెడుతున్నట్టుండేవి.

తర్వాత రైలు ఆగిపోయింది.
పట్టాలు పీకి పాత ఇనుము లెక్కన అమ్మారు.
చాలా ఏళ్ళకి ఎవరో వచ్చి కంకర చదును చేసి
సైకిల్ దారి అని పచ్చబోర్డు పాతిపోయారు.
యాభై ఏడేళ్ళకి నేను
సైకిల్ కొన్నాను.

ఇప్పుడెందుకే, అంది మా చెల్లెలు లైనె.
బస్సు వారానికి మూడుసార్లే కదా, అన్నాను.
అది నిజమే. కారణం మాత్రం అది కాదు.

రిపేరు షాపు ఉకు, ఇంకా మీసాలు సరిగా రాని కుర్రాడు,
సీటు దించి, నన్ను చూసి, మళ్ళీ ఇంకాస్త దించి
"ముందు చక్రాన్ని చూడకండి" అన్నాడు,
"చూపు ఎటు పోతే బండి అటే."
నేను గుంటను చూశాను.
బండి బుద్ధిగా మాట విన్నది.

దోక్కుపోయిన మోచేతికి
దారి పక్క ఆకు నలిపి రాసుకున్నాను.
మా భాషలో దాని పేరే దారాకు.
ఇన్నాళ్ళూ దాని మీంచే వెళ్ళాను,
ఆగి కోసింది ఇదే మొదలు.

మొదటివారం పాలక్యాన్లు పెట్టే పాత తిన్నె దాకా వెళ్ళి
ఏదో దేశం చూసొచ్చినట్టు తిరిగొచ్చాను.
ఆ తర్వాత కొంగగూడు స్తంభం.
ఆ తర్వాత వాన, ఇంట్లోనే.
ఆ తర్వాత ఒక సాయంత్రం
నలభై రెండో మైలురాయి దగ్గర
ఒక సంగతి బయటపడింది.

ఇక్కడ ఎత్తుంది.

కంటికి ఆనదు. నీళ్ళు పోసి చూస్తే తప్ప నేల ఒప్పుకోదు.
తొడలకు మాత్రం తెలుస్తుంది,
ఊపిరి ఎగదన్నుకొచ్చి చెబుతుంది,
గేరు మార్చబోయి తప్పు వైపు తిప్పితే
పెడల్ రాయైపోయి చెబుతుంది.
రోజుకు ఆరుసార్లు ఎక్కి దిగినదాన్ని,
చిల్లర లెక్కపెట్టుకుంటూ!
ఒక్కసారైనా రైలు నాతో అనలేదు.

దిగి నడిపించాను. సిగ్గేమీ లేదు, చూసింది ఒక కుందేలే.
నడుస్తుంటే గుర్తొచ్చింది:
ఇంజను డ్రైవరు హెల్డుర్
సరిగ్గా ఇక్కడికి రాగానే కాఫీకప్పు కింద పెట్టేవాడు,
సగం వాక్యంలో మాట ఆపేసేవాడు.
నా కబుర్లంటే విసుగనుకున్నాను.
రెండేళ్ళు ఆ కేబిన్‌లోకి వెళ్ళడమే మానేశాను.

పాల్వెరె గేటు పక్క పసుపు ఇల్లు. ఎనభై ఒకటి ఇప్పుడతనికి.
చెమటతో, ఎర్రటి మొహంతో, హెల్మెట్ వంకరగా
గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి
రైరొట్టె కోస్తున్న చాకు అలాగే పట్టుకుని
"ఎక్కడ దిగావు?" అన్నాడు.
నలభై రెండు, అన్నాను.
"ఆకులు రాలే రోజుల్లో అక్కడ చక్రాలు జారేవి.
చేయంతా ఇసుక మీట మీదే ఉండేది.
నువ్వేమో మీ పిన్ని పెళ్ళి సంగతి చెబుతూ ఉండేదానివి."
కాసేపు ఆగి,
"ఇంతకీ ఆ పెళ్ళయిందా?"

అయింది, విడాకులూ అయ్యాయి.
రెండు ముక్కల రొట్టె, ఉప్పుచేప, ఆ కథ మొత్తం.
ఈసారి మధ్యలో ఎవరూ ఆపలేదు.

తిరుగుదారిలో ఆ ఎత్తే పల్లమైంది.
బ్రేకు మీద రెండు వేళ్ళుంచి కాళ్ళు ఆపేశాను.
చిత్తడినేల వాసన, దోమలు, చెవుల్లో గాలి.
బర్చ్ చెట్లు ఇప్పుడు వేరువేరుగా ఉన్నాయి,
ఒకదానికి మెడ వంకర, ఒకదాని ఒంటినిండా పుట్టగొడుగు చెవులు.

దొర్లడం ఆగాక తొక్కబోతే
కాలు గాల్లో తిరిగింది. గొలుసు ఊడింది.
ఎక్కడ ఊడిందో, ఎంతసేపు లేకుండానే వచ్చానో.

ఉకు ఒకసారి చూపించాడు. నేను సరిగా చూడలేదు.
రాత్రి పదకొండు, జూన్ నెల,
ఇంకా సూది ఎక్కించేంత వెలుతురుంది.
మోకాళ్ళ మీద కూర్చుని
నల్లటి వేళ్ళతో ఒక్కో లంకె తడుముతున్నాను.