యార్డు డ్యూటీ

లైను ఆపేశారు.
ఒరగడం గేటు దగ్గర నోటీసు అరవంలో ఉంది, కింద ఇంగ్లీషులో ఉంది.
పెంచలయ్య కూడబలుక్కుని చదివి మాకు తెలుగులో చెప్పాడు:
"ఒరేయ్, ఈ నెలలో శనివారాలు పదకొండంట."

నవ్వాం. తరవాత వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాం.
నీలం కార్డుకి శనివారం సగం జీతం.
మాది నారింజ కార్డు.

నన్ను డోర్లు బిగించే తావు నుంచి తీసి యార్డులో వేశారు.
అమ్ముడుపోని కార్లు,
తెలుపు, వెండి, ఇంకా ఎవరికీ పట్టని ఆ ఇటుకరంగు,
వల్లం వైపు కంచె దాకా వరసలు.
పనేమీ కష్టం కాదు.
ఒక్కో బండిలో కూర్చుని తాళం తిప్పాలి, బ్యాటరీ చావకుండా.
పది బండ్లు మోగించి మళ్లీ మొదటిదాని దగ్గరికొచ్చి
ఒక్కోటీ ఆర్పుకుంటూ పోవాలి.
ఈ వారం ఒక మూర ముందుకి, వచ్చే వారం ఒక మూర వెనక్కి,
టైరు ఒకేచోట ఆని సొట్టపోకుండా.
కాగితం మీద టిక్కు.

రోజుకి నూట నలభై కార్లు నడుపుతాను.
సాయంత్రానికి అక్కడే ఉంటాను.

సీట్లకి ఇంకా ప్లాస్టిక్ తొడుగులే.
ఎండకి వీపుకి అతుక్కుని, లేచినప్పుడల్లా
చర్మం ఒలిచినట్టు చప్పుడు.
కొత్త కారు వాసన అని మురిసిపోతారే,
మధ్యాహ్నానికి నాకది తలనొప్పి.

ఒక బండి దగ్గర ఆగాను.
డోరు కీలు కింద పసుపు మార్కరు చుక్క.
నేను పెట్టిందే, బోల్టు బిగిశాక పెట్టే సాక్ష్యం.
మా చుక్కలు ఎవరివి వాళ్లకి తెలుస్తాయి,
నాది కొంచెం తోక లాగుతుంది.
మార్చిలో అయ్యుండాలి,
షిఫ్టుకి నాలుగొందల డోర్లు,
ఒంటికి పోవాలన్నా చెయ్యెత్తి అడగాల్సిన రోజులు.
"వేగం, వేగం" అని ఇళంపరిది సారు అరిచిందంతా
ఈ గడ్డిలో తెచ్చి నిలబెట్టడానికా.

సారు చెడ్డవాడు కాడు.
నిన్న యార్డుకొచ్చి నా పక్క సీట్లో కూర్చుని ఏసీ పెట్టమన్నాడు.
ఇంటి లోను కట్టాలట, బోనసు లేదట.
"ఇదే మోడలు కొందామనుకున్నా తంబీ" అన్నాడు.
ఏమనాలో తోచక
వైపర్లు ఆడించాను.

వడ్డీలు పెరిగాయంటారు. బ్యాంకులు చెయ్యి బిగించాయంటారు.
అంతా కలిపితే నాకర్థమైంది ఒకటే:
ఎక్కడో ఎవరో ఇంట్లో కూర్చుని
"వచ్చే ఏడాది చూద్దాంలే" అన్నారు.
ఆ చూద్దాంలే షోరూములో కాసేపు కూర్చుని,
కార్లు మోసే లారీల మీదెక్కి, మా గేటు దాటి,
ఇరుంగాట్టుకోట్టైలో డోరు రబ్బరు చేసే షెడ్డుకి చేరింది.
అక్కడ పన్నెండుమంది ఉండేవాళ్లు.
ఇప్పుడు ఓనరూ, ఒక కుక్కా.
గేటు ముందు టీకొట్టు కన్నియప్పన్
పాల పాకెట్లు ముప్ఫై నుంచి తొమ్మిదికి దించాడు.
వడలు మానేశాడు,
నూనె కాగేంత జనం లేరని.

పెంచలయ్య సోమవారం వెళ్లిపోయాడు.
తడ అవతల రొయ్యల గుంటల్లో పనుందంట.
మెళ్లో కార్డు తీయడం మరిచి అలాగే బస్సెక్కాడు.
"ఉంచుకో, మళ్లీ పిలుస్తారు" అన్నాను ఫోన్లో.
"పిలిచేది శనివారానికే అయ్యుంటుంది" అన్నాడు.
ఈసారి ఇద్దరం నవ్వలేదు.

ఆఖరి వరసలో ఇటుకరంగు బండి.
మీటరులో మూడు కిలోమీటర్లు.
నేను యార్డులోకి వచ్చిన రోజూ మూడే.
ఇన్ని వారాలు నేను జరిపిన మూరలేవీ
దాని లెక్కలోకి రాలేదు.

ఇంజను ఆపి, దిగి, డోరు వేశాను.
అలవాటుకొద్దీ చెవి పెట్టి విన్నాను.
బాగానే పడింది.