ఓడ టైము

కూర్చోండి బసవపున్నయ్య గారూ,
ఆ కుర్చీ కాదు, దానికి కాలు వదులు.
గుంటూరు నుంచి ఎనిమిది మంది, యార్డు సెలవుల్లో,
సింగపూర్‌లో ఎక్కి పెనాంగు, ఫుకెట్ చూసి
మళ్ళీ సింగపూర్‌లోనే దిగడం. అంతేగా అంటున్నారు.
అంతేగా అనేవాళ్ళ కోసమే
గవర్నర్‌పేటలో ఈ రెండో అంతస్తు అద్దె కడుతున్నాను.

ముందు వీసా.
ఓడెక్కితే సింగపూర్ గడప దాటినట్టే,
తిరిగొస్తే మళ్ళీ తొక్కినట్టే.
ఒక్కసారికే తలుపు తీసే వీసా అయితే
ఆఖరి రోజు గుమ్మంలోనే నిలబెడతారు.

విమానం ఓడ రోజున వద్దు, ముందు రోజే దిగండి.
గన్నవరంలో మంచు కురిసిందని
కెప్టెన్‌కి ఎవరూ చెప్పరు.
యార్డులో మీరొచ్చేదాకా టిక్కీలు విప్పరేమో,
అక్కడ తాడు విప్పేస్తారు.

గది కింది అంతస్తులో, ఓడ నడుమ తీసుకోండి.
ఏతానికి చివర ఊపు, ఇరుసు దగ్గర నిలకడ.
శ్రీశైలం ఘాట్ రోడ్డులో శేషరత్నం గారు
రెండుసార్లు బస్సు ఆపించారని మీరేగా చెప్పారు!
బాల్కనీ ఫొటోకి బాగుంటుంది, కడుపుకి కాదు.

పెద్ద పెట్టె ఎక్కేటప్పుడే తీసుకుంటారు,
గది ముందుకి ఏ సాయంత్రానికో వస్తుంది.
బీపీ మాత్రలు, కళ్ళజోడు, ఒక జత బట్టలు
చేతిసంచిలో.
ఇంట్లో పట్టిన పచ్చళ్ళు ఆపేస్తారు,
సీలు వేసిన కొట్టు సరుకైతే అడిగి చూద్దాం.
రేవులో మాత్రం దింపకండి.
మనిషికో గోంగూర సీసా ఎందుకండీ,
ఎగుమతికా?

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాసుకోండి.
ఫుకెట్ గడియారం సింగపూర్ కన్నా గంట వెనక.
ఒడ్డున కాలు పెట్టగానే మీ ఫోను పార్టీ మారుస్తుంది,
ఓడ మారకపోవచ్చు.
ఓడ టైమేదో దిగేముందు అడగండి,
పాత చేతి గడియారం ఒకటి దానికి పెట్టి
ఇక ముట్టుకోకండి.
అక్కడ రేవు దాకా ఓడ వెళ్ళదు,
చిన్న పడవల్లో దింపి, చిన్న పడవల్లో ఎక్కిస్తారు.
ఆ వరసకే గంట తీసేయండి.

ఊరు చూపించడానికి ఓడవాళ్ళ బస్సు ఖరీదే.
బయట బండి మాట్లాడుకుంటే సగానికొస్తుంది, నిజమే.
వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది,
మీ బండి ఆలస్యమైతే ఓడ పోతుంది.
బేరం మీ వృత్తి, కాదనను.
నడిచి రాగలిగే బజార్లో ఆడండి,
దూరపు దీవిలో ఆడకండి.

బందరు రోడ్డు బట్టల కొట్టు పిచ్చేశ్వరరావు గారు
ఇవన్నీ తలూపుతూ విన్నారు.
తర్వాత ఒడ్డు నుంచి ఫోను:
“అమ్మా, మన బ్యారేజీ
డెబ్బై గేట్లతో సహా లేచి
నడిచి వెళ్ళిపోతున్నట్టుందమ్మా!”

నేనెన్నిసార్లు వెళ్ళానంటారా?
పందొమ్మిదేళ్ళ నుంచి పంపిస్తున్నాను.
పాస్‌పోర్టు ఉంది, ఒకసారి గడువు కూడా తీరింది,
కొత్తదాంట్లోనూ ఒక్క ముద్ర లేదు.
నేనెక్కిన ఓడ
భవానీ ద్వీపం పడవ.

పోయిన కార్తీకంలో అదీ తప్పింది.
ఆఖరి పడవవాడు కేకేశాడు, నాకు వినబడింది.
చేతిలో మొక్కజొన్న పొత్తు సగముంది,
ఇంకో అయిదు నిమిషాలుందిలే అనుకున్నాను.
చేపలవాళ్ళు వచ్చి తీసుకెళ్ళేదాకా
ఇసుకలో ఒక్కదాన్నే నిలబడ్డాను.
కొండమీద గుడి దీపాలు నీళ్ళలో ఊగుతున్నాయి.
పుట్టిన ఊరిని
మొదటిసారి ఒడ్డవతల నుంచి చూశాను.
ఈ ముక్క ఎవరికీ చెప్పను,
చెబితే పడవ తప్పించుకోమన్నట్టుంటుంది.

ఓడ దాటాక బోడిమల్లయ్య అంటారు,
తిరిగొచ్చాక మీరు ఫోను చెయ్యరు, తెలుసు.
అందుకే సగం ఇవాళే కట్టండి.
పాస్‌పోర్టులకి రెండేసి జిరాక్సులు,
షాపు కిందే ఉంది,
ఒంటిగంటకి మూసేస్తాడు,
మన టైముకే.