రెండు ఉంగరాలు

పొట్ట చేత పట్టుకుని డండీ వచ్చినదాన్ని.
ఇప్పుడా పొట్టని
సిలికాన్ ఉంగరమొకటి పట్టుకుంది.

నెలకోసారి నర్సు మొరాగ్
పక్కటెముక కింద బిళ్ళని తడిమి
సూదితో కాస్త ఉప్పునీళ్ళు ఎక్కిస్తుంది.
"బిగువు చాలా, వకుళా?"
గ్లాసెడు నీళ్ళు తాగి చూపించాలి, జవాబుగా.

తెల్లవారుజామున మూడున్నరకి
బేకరీలో నా చేతికింద పిండి పొంగుతుంది.
నాకు రొట్టె దిగదు.
మొన్న ఆశపడి అంచు కొరికితే
రొమ్ము వెనక రాయై కూర్చుంది.
అరగంట సింకు మీద వంగి నేను,
బయట టే నది మీద వాన.

ఇంట్లో సాసరే కంచం.
పాప వదిలేసిన చెంచా నాది.
పప్పన్నం గోరుముద్దలు చేసి
నాకు నేనే పెట్టుకుంటాను,
ఇరవైసార్లు నమిలి,
లెక్క తప్పితే మళ్ళీ మొదలు.

కడుపు నిండుతుంది, అబద్ధమెందుకు.
ఆకలే, ఇల్లు ఖాళీ చేసిన కిరాయిదారులా
రాత్రి పదింటికొచ్చి
ఫ్రిజ్ దగ్గర నిలబడుతుంది,
ఉత్తరాలేమన్నా వచ్చాయా అని.

నిన్న పిండిలోకి
పెళ్ళి ఉంగరం జారిపోయింది.
ఐలా, నేనూ ఒక్కో బన్నూ చీల్చాం.
యాభై మూడోదాంట్లో దొరికింది.
"ఎలాగూ పారేసేవేగా" అని
తను తినడం మొదలెట్టింది.
నేను పిండిసంచి దారం పీకి
ఉంగరానికి చుట్టి
వేలికి బిగించుకున్నాను,
ఆ వేడి వాసన పీలుస్తూ.