నూటిరవై

కర్నూలు రోడ్డు మీద, చీమకుర్తి దాటీ దాటకముందే
రేకుల షెడ్డు, ముందు వేలాడే లారీ టైరు మాది.
దాని మీద సున్నంతో 'ఏసోబు, గాలి, పంచర్' అని ఉంటది.
గాలికి దీర్ఘం నిరుటి వానకు కొట్టకపోయింది.
అయినా అందరూ గాలనే చదువుకుంటారు.

రాయి మోసే బళ్ళు ఆగేది ఇక్కడే.
ఇనప రాడ్డుతో టైరుని ఒక్కటి కొట్టి
చెవొగ్గి వింటా.
టంగుమంటే ఉంది. దబ్బుమంటే లేదు.
మీటరు నా చెవికి సాక్షి, అంతే.

మే నెలలో పొద్దున్నే నూటిరవై పట్టి పంపిన బండి
మధ్యాన్నానికి పొదిలి నుంచి నూటముప్పై అయి తిరిగొచ్చిద్ది.
నడిమధ్యలో ఎవురూ ఒక్క ఊపిరి ఎక్కించలా.
"దించక్కా, పగులుద్ది" అంటాడు డ్రైవరు.
దించను.
ఉడుకు మీదున్నదాన్ని కెలకొద్దు,
నీడకి పెట్టుకో, రేత్రికి అదే దిగొచ్చిద్ది.
ఇప్పుడు దించితే తెల్లారి చచ్చిన టైరుతో పోతావు నాయనా.

మా కెజియా ఇంటరు మొదటేడు.
కంప్రెసరు ఆగిన సందులోనే దానికి చదువు.
ఆయిలు డబ్బా బోర్లేసి కూచుని గట్టిగా చదువుద్ది:
"ఆదర్శ వాయువులో అణువులు ఒకదాన్నొకటి ఆకర్షించవు."
మళ్ళా చదవవే, అన్నా.
"ఢీకొన్నా వాటి మొత్తం శక్తి తగ్గదు."
ఇంకోసారి.
కంప్రెసరు మోతకు నా చెవులు పోయాయనుకుంది పిల్ల.

ఒకదాని మీద ఒకదానికి ఆశ లేదు,
ఎన్నిసార్లు గుద్దుకున్నా అలుపు లేదు,
కూచోను చోటు కూడా అడగవు.
యాడుంటయ్యే ఇయ్యి?

"యాడా ఉండవు మా.
లెక్క కుదరాలని అట్టా అనుకుంటారు."

అనుకోవడం నాకూ తెలుసు.
ఒకటో తారీఖున షెడ్డు బాడుగ లేదనుకుంటా,
కరెంటు బిల్లు చుక్కంత అనుకుంటా,
ఎంత చక్కగా కుదిరిద్దో లెక్క,
బాడుగాయన సైకిలు బెల్లు వినపడేదాకా.

పైరేకులో ఒక చిల్లుంది, కోసిన గోరు తీరుగా.
నాలుగేళ్ళ కిందట ఏసోబు టిప్పరు టైరుకి గాలి పడతన్నాడు.
లాకు రింగు సరిగ్గా కూచోలా.
అది రేకు చీల్చుకుని రోడ్డవతల కంపలో పడింది,
పోతా పోతా ఆయన రెండు వేళ్ళు తీసకపోయింది.
ముందు నిమిషం దాకా టైరు ఎంత నిమ్మళంగా ఉందో!
లోపల కోటానుకోట్లు గోడకేసి కొట్టుకుంటన్నాయని
పైకి ఒక్క గీతన్నా తేలలా.
ఇప్పుడాయన పాలిషింగు ఫ్యాక్టరీ కాడ వాచ్‌మన్.
గాలి నాది.

రేకు మార్పించలా.
పన్నెండింటికి ఆ చిల్లులోంచి ఎండ దిగుద్ది,
ఎండలో రాతి దుమ్ము యాడా కుదురుగా నిలవదు.
"కనపడని అణువులు నెట్టబట్టే మా" అంటది కెజియా.
సగం లారీల గాలేలే, అంటా.
"సగం" అని ఒప్పుకుంటది, గడుసుది.

ఒకరోజు చెయ్యి పట్టుకుని
ఆగిన బండి మీది బండ కాడికి తీసకపోయింది.
గెలాక్సీ రాయి. నలుపు, లోపల బంగారు చుక్కలు.
"ఇదీ ఊరకుండదు మా, ఉన్నచోటనే వణుకుతా ఉంటది.
చల్లారేకొద్దీ తగ్గుద్ది.
అన్నిటికన్నా అడుగున ఒక చలి ఉంది,
అక్కడిదాకా ఇంతవరకూ ఎవురూ పోలా."
అరచెయ్యి ఆనించా.
ఎండకి కాలింది.
కాసేపు తియ్యలా.

హారన్.
పన్నెండు టైర్ల బండి, వెనక లోపలి చక్రం దబ్బుమంది.
కెజియా వాల్వు మూత గుర్తుగా పెట్టి పుస్తకం మూసింది.
బెల్టు కదిలింది, షెడ్డంతా అదిరింది.
ముందు రింగు చుట్టూ గొలుసు బిగిస్తా,
రెండు సార్లు లాగి చూస్తా.
ఎనభై. తొంభై. నూట పది.

వెనక్కి జరగవే.
ఇంకాస్త.