ఒక గడి తక్కువ

పూనోలో తెల్లవారుజాము మూడు.
ఆల్పాకా దుప్పట్లో ముడుచుకుని నెలీదా
జీతం లేని కోడు రాస్తోంది,
పగలంతా బడిలో భిన్నాలు దిద్దిన వేళ్లతో.

తెర మీద పదకొండు ఆసుపత్రులు,
నాలుగు వెంటిలేటర్లు.
నాలుగూ ఎరుపే.

ఉన్నట్టుండి అయావిరి ఎదురుగా
ఒకటి పచ్చబడింది: ఖాళీ.
హులియాకా అడిగింది. వ్యాను కదిలింది.
చప్పట్లు కొట్టబోయి ఆగింది నెలీదా.

ఎలా ఖాళీ అయింది?
ఆ మనిషి లేచి కూర్చుని సూపు అడిగాడా,
లేక
ఆ గడి పెట్టడం తనే మరిచిపోయింది.

ఫోను చేసింది. అవతల గాలి హోరు.
"మిషను తుడిచి పంపాను.
ట్యూబు ఒకటి తక్కువ, రాసుకో"
అంది నర్సు ఫెలీసితాస్.
ఇంకేమీ అనలేదు. పెట్టెయ్యనూ లేదు.

నెలీదా రాసుకుంది:
ట్యూబు, ఒకటి తక్కువ.